బెత్తెడు

మా స్టేషన్ పేరు స్నేహం.
మొదట రష్యన్‌లో స్నేహం, తర్వాత కజఖ్‌లో స్నేహం.
బోర్డు మార్చిన రోజు గాలికి నిచ్చెన పడి
పెయింటర్ చెయ్యి విరిగింది.
అర్థం మాత్రం చెక్కు చెదరలేదు.

నాన్న తొక్తార్ ఇక్కడికొచ్చేసరికి
పట్టాలు సరిహద్దు దాకా వచ్చి ఆగి ఉన్నాయి.
అవతలి నుంచి రావలసినవి రాలేదు.
మాస్కోలో ఎవరో ఒక మాటన్నారు,
పెకింగ్‌లో ఎవరో దాన్ని దిగమింగలేదు.
నాన్నకు తెలిసిన చరిత్ర అంతే.
పట్టాల చివర ఒక అడ్డుదుంగ,
దానికవతల మాచిపత్రి పొదలు,
పొదల మీద గాలి, గాలి, గాలి.

ముప్పై ఏళ్ళు ఆయన ఉద్యోగం
ఎక్కడికీ వెళ్ళని పట్టాలకు గ్రీజు పెట్టడం.
ఎందుకు నాన్నా అంటే
జీతమిస్తున్నారుగా అనేవాడు.

సరస్సు దగ్గర తుపాకులు పేలిన ఆగస్టులో కూడా
మర్నాడు డబ్బా పట్టుకుని బయల్దేరాడట.
దుంగ దాకా వెళ్ళలేదు.
వందడుగుల ఇవతల కూర్చుని
టోపీ తీసి, గాలి ఎటుందో చూసి, వచ్చేశాడు.
బతిమా అత్త అటువైపే ఉండిపోయింది.
టీ పొలమారినప్పుడల్లా
అక్క తలుచుకుంటోందనేవాడు.
అమ్మ మాత్రం, నెమ్మదిగా తాగు, అనేది.

తొంభయ్యో సంవత్సరం సెప్టెంబరు.
బ్యాండు మేళం, జెండాలు, జెండాల్ని పట్టుకోలేక వంగిన కుర్రాళ్ళు.
అటు నుంచి మా ఫుషెంగ్ అనే ఫోర్‌మన్ టేపు తీసి కొలిచాడు.
ఇటు నుంచి నాన్న తన టేపు తీసి కొలిచాడు.
ఇద్దరూ సరిగ్గానే కొలిచారు.
తేడా ఎనభై అయిదు మిల్లీమీటర్లు.
నాన్న నాలుగు వేళ్ళు దగ్గరికి చేర్చి చూపించాడు. బెత్తెడు.
ఫుషెంగ్ తన నాలుగు వేళ్ళు పక్కన పెట్టాడు.
అతనివి కాస్త సన్నం.

పదిహేను నెలలకి నాన్న దేశం లేదు.
కాల్పులు లేవు, ఏడుపులు లేవు,
రేడియోలో ఒక ప్రకటన, తర్వాత వాతావరణం వార్తలు.
జీతం ఏ డబ్బులో ఇవ్వాలో తెలియక
క్యాషియర్ రెండు నెలలు పంచదార తూచింది.
మూడో నెల రబ్బరు బూట్లు, అన్నీ ఎడమ కాలివే.

ఓడలు బళ్ళవుతాయంటారు.
సముద్రం మొహం చూడని మా ఊళ్ళో
బళ్ళు ఓడలవడం నేను చూశాను.
మొదట్లో అటు నుంచి ఫ్లాస్కులొచ్చేవి, ప్లాస్టిక్ చెప్పులొచ్చేవి.
ఇప్పుడు కార్లు, బ్యాటరీలు,
సీలు వేసిన నీలం పెట్టెల్లో మనకి చెప్పనివి.
నాన్న కాలంలో వాళ్ళ యంత్రాల మీద మా అక్షరాలుండేవి.
ఇప్పుడు నా జాకీ మీటల మీద వాళ్ళ అక్షరాలు.
ఎర్రది ఆపడానికి.
అదొక్కటి ఏ భాషలోనైనా ఎర్రగానే ఉంటుంది.

పడమట యుద్ధం మొదలైన వారం
పద్నాలుగు రైళ్ళు యార్డులో నిలబడిపోయాయి.
ఎక్కడో చల్లటి గదిలో ఒక ఇన్సూరెన్సు కంపెనీ
మ్యాపు మీద గీత గీసిందన్నారు.
నెల తిరక్కుండా అవే పెట్టెలు కదిలాయి,
వేరే కాగితం, వేరే పేరు, ఇంకొంచెం చుట్టుదారి.
మాకు ఓవర్‌టైమ్.

రిటైరయ్యాక నాన్న ఒక్కసారే షెడ్డుకొచ్చాడు,
జేబులో ఎండబెట్టిన పెరుగుండలు నాకోసం.
అప్పుడే నాలుగు జాకీలూ వ్యాగన్‌ని లేపాయి.
పాత చక్రాలు దొర్లిపోయాయి,
కొత్తవింకా రాలేదు.
ముప్పై టన్నుల సరుకు
ఏ దేశపు కొలతకూ చెందకుండా
నడుమెత్తు గాలిలో ఉంది.
నాన్న వంగి, ఆ సందులోంచి తూర్పుకి చూశాడు.
అటు మేడలు, మేడల మీద దీపాల రాతలు,
మంచులో కూడా ఆరని వెలుగు.

అక్కడ చీకటిగా ఉండేది కదే, అన్నాడు.
వెనక్కి జరుగు నాన్నా, అని అరిచాను.
గాలికి వినబడలేదేమో,
ఇంకాసేపు అలాగే వంగి ఉన్నాడు.
నా చెయ్యి మీట మీదే ఉంది.